అడగడం నామోషీ అనుకున్నాను

షాద్‌నగర్‌లో బిల్డర్ దగ్గర నేరుగా కొత్త ఇల్లు కొన్నాను. అడగాల్సినవేవీ అడగకుండానే కొన్నాను.

మా నాయన పాలమూరు మేస్త్రి. ప్రాజెక్టుల పనులకు, పట్నం పనులకు బతుకంతా తిరిగినవాడు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి, ఖంగుమంటేనే గోడలో పెట్టేవాడు. స్లాబు మీద సరిగా నీళ్లు కట్టకపోతే గుత్తేదారుతోనైనా కొట్లాడేవాడు. ఆయన కొడుకునై ఉండి నేను బ్రోచర్ చూసి మురిసిపోయాను. బెంగళూరు హైవే పక్కనే, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర, రీజినల్ రింగ్ రోడ్డు కూడా వస్తుందని బిల్డర్ ఆఫీసులో చెబుతుంటే తలూపుతూ కూర్చున్నాను. పునాది గురించి, ప్లాన్ అనుమతి గురించి ఒక్క మాటా అడగలేదు.

నా భార్య మాత్రం నోరు తెరిచింది. “ఈ కాగితాలు ఒక్కపారి వకీలు సాబ్‌కు చూపెట్టినంక పైసలు కడ్దాం” అంది. అందరి ముందూ అలా అన్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది. నీకేం తెలుసని కసిరాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ధరలో మూడో వంతు కట్టేశాను. చేతికి వచ్చింది ఉత్త రసీదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఆమెకు ఆ సెక్షన్ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆమెకు అనుమానం వచ్చింది. నాకు అది కూడా రాలేదు. ఆ రోజు ఆమెను కసిరినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ త్వరలోనే వస్తుందన్నారు. ముహూర్తం దాటిపోతుందని గృహప్రవేశం చేసేశాం. తొలి వానలకే స్లాబు కారింది, మెట్ల పక్క గోడ బీటలు వారింది. బిల్డర్ ఫోన్ ఎత్తలేదు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నా డబ్బుతోనే గుట్టుగా రిపేర్లు చేయించాను. పక్కింటాయనా అదే చేస్తున్నాడని చాలా ఆలస్యంగా తెలిసింది. అలా ఎవరికి వాళ్లం దాచుకోవడం బిల్డర్‌కే కలిసొచ్చింది. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మనం తెలియజేస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయడం బిల్డర్ బాధ్యత. అది 14వ సెక్షన్. చేయకపోతే పరిహారం కోరవచ్చు.

షాద్‌నగర్ వైపు ఇల్లు చూస్తున్నవాళ్లకు నాదొక విన్నపం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగానీ, ఎనిమిది ఇళ్లకు మించిగానీ కడుతుంటే రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. కాబట్టి టోకెన్ డబ్బు తీయకముందే రెరా నంబరు అడగండి, దాన్ని తెలంగాణ రెరా వెబ్‌సైట్లో సరిచూసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా కాగితాలు వకీలుకు చూపెడదామంటే, దయచేసి ఆ మాట వినండి.