కెమెరా మెడలో వేసుకున్నవాడి విన్నపం

బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ డైరెక్టర్ జనరల్ గారి దివ్య సముఖమునకు,

ధర్మపురి జిల్లా హరూర్ తాలూకా తీర్థమలై నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, నాకు విమానాలంటే ఇష్టం. ఎక్కడం కాదు, చూడడం. ఎక్కేవాళ్లతో మీకు పేచీ లేదు. వాళ్లకు టికెట్టుంటుంది, ఆధార్ ఉంటుంది, బెల్టు విప్పమంటే విప్పుతారు. గోడ బయట నిలబడి మెడ పైకెత్తేవాడి దగ్గర ఒక కెమెరా, ఒక పొడుగు లెన్సు, ఒక నోటుపుస్తకం తప్ప ఏమీ ఉండవు. మమ్మల్ని లోకం ప్లేన్ స్పాటర్లంటుంది. మీ జవాన్లు ‘ఏయ్’ అంటారు.

మా ఊళ్లో విమానాశ్రయం లేదు. కొండ ఉంది, కొండ మీద తీర్థగిరీశ్వరుడున్నాడు. లంక నుంచి తిరిగొస్తూ రాముడు ఇక్కడ శివపూజకు ఆగాడనీ, కాశీ నీళ్లకు వెళ్లిన హనుమంతుడు ఆలస్యం చేస్తే బాణం వేసి బండలోంచి రామతీర్థం రప్పించాడనీ స్థలపురాణం. ఆనాడు పుష్పకం ఎక్కడ దిగిందో, దాని తోక మీద ఏం రాసి ఉందో ఎవరూ రాసిపెట్టుకోలేదు. మావాడొక్కడు ఆ చుట్టుపక్కల ఉండి ఉంటే ఈ లోటు వచ్చేది కాదు. ఇప్పుడు చెన్నైకీ కోయంబత్తూరుకీ మధ్య మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే మా కొండ పక్కనుంచే పోతుంది. కానీ కింద నుంచి చూస్తే విమానం బియ్యపు గింజంత. దగ్గరగా చూడాలంటే బస్సెక్కి మీ గోడల దాకా రావాల్సిందే.

చట్టం చదవకుండా రాస్తున్నానని అనుకోకండి. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 13వ నిబంధన ఉంది: ప్రభుత్వ విమానాశ్రయంలోగానీ, ఎగురుతున్న విమానంలోంచిగానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. కెమెరా అంటే స్టూడియోలోనో జమీందారు గారింట్లోనో ఉండే రోజులవి. 2004 డిసెంబరు 9న పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక సర్క్యులర్‌తో ప్రయాణికులకు సడలింపు ఇచ్చింది. 2020 సెప్టెంబరులో చండీగఢ్ నుంచి ముంబై పోయే విమానంలో నటి కంగనా రనౌత్ చుట్టూ టీవీ వాళ్లు మూగేసరికి, ఫోటోల నిబంధన మీరితే ఆ రూటులో ఆ సర్వీసును రెండు వారాలు ఆపేస్తామని అదే డీజీసీఏ హుకుం జారీచేసింది. మర్నాడే, మామూలు ప్రయాణికులు ఫోటోలు తీసుకోవచ్చని వివరణ ఇచ్చింది. 2024లో మూలచట్టాన్నే మార్చి భారతీయ వాయుయాన్ అధినియమ్ అని పేరు పెట్టారు. ఇన్నిసార్లు ఇంత తిరగరాసినా, రోడ్డు మీద నిలబడ్డవాడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. 13వ నిబంధన గోడ లోపలిది. గోడ బయట చెల్లేది డ్యూటీలో ఉన్నాయన ఆ పూట మనసు.

సైనిక విమానాశ్రయాల జోలికి మేం రాం. 2025 మేలో, అలాంటి చోట్ల 10,000 అడుగులు దాటేదాకా కిటికీ తెర దించమన్నారు, సబబే. విశాఖ రన్‌వే నేవీది, అక్కడ మా కెమెరా సంచి దాటదు. నా గోడు మిగతావాటి గురించి.

ఒక పెద్ద ఊరి విమానాశ్రయం, పేరెందుకు లెండి. గోడ పక్క మట్టిరోడ్డులో మొక్కజొన్న పొత్తుల బండి, భుజాల మీద పిల్లలతో నాన్నలు, పాతికమంది ఫోన్లు పైకెత్తి వీడియోలు. నేను లెన్సు బిగించానో లేదో జీపు ఆగింది.

“ఏం తీస్తున్నావ్?”

“విమానం సార్.”

“ఎందుకు?”

ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదయ్యా. తాళ్లపాకవారి రాగిరేకులు చూడ్డానికి తిరుపతి పోయేవాణ్ణి ఎందుకని ఎవరూ అడగరు. పేపరుకా అంటే కాదన్నాను, అమ్ముతావా అంటే కాదన్నాను. అనుమానం రెట్టింపయింది. డబ్బు కోసమంటే వదిలేసేవాళ్లేమో. ఒక్కొక్క ఫోటో ఆయన చూస్తుండగా డిలీట్ చేశాను. అవతల, యాభై అడుగుల దూరంలో ప్రీవెడ్డింగ్ షూట్. నా లెన్సుకు తాతలాంటి లెన్సు వేసుకుని, పెళ్లికూతురి తల మీదుగా దిగుతున్న విమానాన్నే తీస్తున్నారు. రిఫ్లెక్టర్ గాలికి ఎగిరిపోతుంటే పరుగున వెళ్లి పట్టుకున్నది మీ జవానే. పెళ్లి శుభకార్యం కదా!

పోనీ ఆ విమానంలో దాచాల్సిందేముంది? అంతర్జాతీయ నియమం ప్రకారం రెక్క మీద రిజిస్ట్రేషన్ అక్షరాల ఎత్తు 50 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఒంటి మీద 30కి తగ్గకూడదు. దూరం నుంచి చదువుకోమనే కదా అంతేసి రాయించారు. పైగా నేనెక్కడున్నాను, ఎంత ఎత్తులో ఉన్నాను, ఎంత వేగంతో పోతున్నాను అని ఆ విమానమే రేడియోలో క్షణక్షణం చాటుకుంటుంది. ఇంట్లో మంచం మీద పడుకున్నవాడు ఫోనులో దాన్ని వెంబడించవచ్చు. లేచి వచ్చి కళ్లారా చూసినవాడు మాత్రం అనుమానితుడు.

బేగంపేట సంగతి మరీ చిత్రం. పక్కనే వైమానిక దళ స్థావరం. అయినా రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా పెట్టి, జనాన్ని కెమెరాలతో సహా లోపలికే రమ్మంటారు. 2024 జనవరిలో ఎయిరిండియా తన మొదటి ఎ350ని చూపించింది అక్కడే. రెక్క కింద నిలబడి సెల్ఫీలు దిగారు. అదే విమానం తర్వాత ఏ ఊరి గోడ మీదుగానో ఎగిరితే, దాని వైపు లెన్సు తిప్పినవాడి జేబులు తడుముతారు.

ఇది మన ఒక్క దేశపు జబ్బని అనను. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటలో ఎయిర్ షో చూడ్డానికి వెళ్లిన 12 మంది బ్రిటిష్‌వాళ్లనూ ఇద్దరు డచ్చివాళ్లనూ గూఢచారులని పట్టుకున్నారు. నంబర్లు రాసుకోవడం సరదా అంటే అక్కడి కోర్టుకు ఎక్కలేదు. 2002 ఏప్రిల్లో శిక్షలు వేశారు, నవంబరులో అప్పీలు మీద అందరినీ వదిలేశారు. 2010లో ఢిల్లీ విమానాశ్రయం పక్క హోటల్లో దిగి కిటికీలోంచి విమానాలు చూసుకుంటున్న ఇద్దరు బ్రిటిష్‌వాళ్లకూ ఇదే గతి పట్టింది. చివరికి జరిమానా కట్టించుకుని పంపారు.

మావల్ల ఉపయోగమా? 2016 మే 13న ప్రపంచంలోకెల్లా పెద్ద విమానం ఆంటొనోవ్ ఏఎన్-225 శంషాబాద్‌లో దిగింది. అలాంటిది ఎగిరేది అదొక్కటే. 2022లో యుద్ధంలో కీవ్ దగ్గర హోస్తొమెల్‌లో కాలి ముక్కలైంది. ఇక దాన్ని చూడాలంటే ఫోటోలే గతి. ఇంకోటి: అమెరికా గూఢచారి సంస్థ మనుషుల్ని గుట్టుగా దేశాలు దాటించిన విమానాల జాడ విలేకరులకు దొరకడంలో, యూరప్ స్పాటర్లు సరదాగా తీసిన తోక నంబర్ల ఫోటోలు అక్కరకొచ్చాయి. (ఈ ముక్క మీకు రాసి తప్పుచేశానేమో, మా మీద ఉన్న కాస్త ప్రేమా పోతుంది.) బ్రిటన్ పోలీసులు ఇంకో దారి పట్టారు. ఎయిర్‌పోర్ట్ వాచ్ అని పెట్టి, స్పాటర్ల పేర్లు రాసుకుని కార్డులిచ్చి, కొత్తగా ఏది కంటపడినా చెప్పమన్నారు. పొద్దస్తమానం కంచె వైపు చూస్తూ నిలబడేవాడు జీతం అడగకుండా దొరికితే ఎవరొద్దంటారు? మ్యూనిక్‌లో జనం ఎక్కి చూడ్డానికి గుట్టే వేశారు. మాంచెస్టర్‌లో రన్‌వే పక్క పార్కులో కాంకార్డ్‌ను పెట్టారు.

ఇక అసలు అర్జీ. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం మా పక్క జిల్లాలో, హోసూరు దగ్గర 2,000 ఎకరాల్లో ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులు పట్టే విమానాశ్రయం కడతామంది. బెంగళూరు విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు 2033 దాకా మరొకటి వద్దనే షరతుంది కాబట్టి మీకూ మాకూ కావలసినంత వ్యవధి ఉంది. నక్షా గీసేటప్పుడే కంచె బయట మాకు అయిదు సెంట్ల మట్టిదిబ్బ ఇప్పించండి. రన్‌వే తూర్పు పడమరలుగా వస్తే దిబ్బ దక్షిణం వైపు ఉండాలి, ఎండ మా వీపున పడితేనే విమానం ఒళ్లు మెరుస్తుంది. ఏం తీయొచ్చో ఏం తీయకూడదో బోర్డు మీద తమిళం, తెలుగు, కన్నడం, హిందీల్లో రాయించండి. ఆధార్ జిరాక్సు ఇస్తాం, పుస్తకంలో సంతకం చేస్తాం, రుసుము పెడితే కడతాం. ప్రీవెడ్డింగ్ వాళ్లకు కూడా అక్కడే చోటివ్వండి. జవానును ఇబ్బంది పెట్టం, రిఫ్లెక్టర్ మేమే పట్టుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
తీర్థమలై వాస్తవ్యుడు