పడిశానికి పదిమంది వైద్యులు

తుఫాను వానలు వెనకబట్టి ధనుర్మాసపు మంచు దిగేసరికి మా తిరుత్తణిలో సగం ఊరు తుమ్ముతూ ఉంటుంది, మిగతా సగం వైద్యం చేస్తూ ఉంటుంది. మా ఇంటివాళ్లంతా రెండో సగం. మొదటి సగంలో నేనొక్కడినే.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఆ కబురు మా వంటింటికి ఇంకా అందలేదు. అమ్మది మిరియాల చారు, వామాకు కషాయం, పసుపు పాలు. మా ఆవిడ పుట్టిల్లు ఆర్కాడు కాబట్టి ఆమెది సుక్కు కాపీ (అదే, శొంఠి కాఫీ), తూదువళై ఆకు రసం. మొత్తానికి రెండు రాష్ట్రాలూ కలిసి పనిచేసేది నా ముక్కు మీదే.

అమ్మ చారు గురించి మాత్రం చెడు మాట అనను. మిరియాలు, జీలకర్ర రోట్లో వేసి బరకగా దంచుతుంది. మిక్సీలో వేస్తే ఘాటు చస్తుందట. పొట్టుతోనే నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి చింతపండు రసంలో పడేస్తుంది. నురగ కట్టి పొంగబోతుండగా దించాలి, తెర్లిందా, పారబోసి మళ్లీ మొదలు. నేతి తాలింపు చిటపటమన్నాక ఆ గిన్నె మీద మొహం పెడితే, మూడు రోజులుగా మూసుకున్న ముక్కు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. వైరస్ చచ్చిందా అంటే లేదు. వేడి ఆవిరికి, ఘాటుకి చీమిడి పలచబడి కారిపోతుంది, అంతే. ఆ కాసేపటి సుఖానికి ఆస్తి రాసిచ్చినా తప్పులేదు.

ఇంట్లో తప్పించుకున్నా మద్రాసు బండిలో తప్పదు. ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, బోగీ అంతా డాక్టర్లే. అరక్కోణంలో ఎక్కినాయన నిలవేంబు అంటాడు. అదేనండీ, మన నేలవేము కషాయం, అందులో 9 దినుసులు. పక్కాయన అది జ్వరానికి, పడిశానికి 15 దినుసుల కబసుర కుడినీరే తాగాలంటాడు. నాకు రెండూ అలవాటే. వైరస్ సంగతేమో కానీ, నాలుక మాత్రం సాయంత్రం దాకా మౌనవ్రతం పడుతుంది. ఇంకొకాయన సంచిలోంచి పసుప్పచ్చ డబ్బీ తీసి అమృతాంజనం అందిస్తాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ తెలుగు మందు మీద అరవ సోదరుడికి నాకంటే ఎక్కువ గురి.

2020 తర్వాత ఇంకో జబ్బు పట్టుకుంది. తేనె సీసా మొదలు బిస్కెట్టు పొట్లం దాకా అన్నింటి మీదా ‘ఇమ్యూనిటీ’ అనే మాటే. గాలి కొట్టి పెంచడానికి రోగనిరోధక శక్తేమైనా సైకిల్ టైరా? జలుబు తెచ్చే రైనోవైరస్‌లలోనే నూరుకు పైగా రకాలున్నాయి. ఒకదానితో తగువు తీరేలోపు ఇంకోటి గుమ్మంలో ఉంటుంది. విటమిన్ సి రోజూ మింగే పెద్దవాళ్లకు కూడా జలుబు రాక మానదు. వచ్చినది సుమారు 8 శాతం తొందరగా పోతుంది, అంతే. అంటే వారం రోజుల బాధలో పూట మిగులు.

మరి పనిచేసేదేమిటి? చేతులు కడుక్కోవడం. ఆ తర్వాత నిద్ర. అమెరికాలో 164 మందికి వారం పాటు మణికట్టుకు యంత్రం కట్టి నిద్ర కొలిచి, ఆపైన ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. (డబ్బులిచ్చి పడిశం తెప్పిస్తారని తెలిస్తే మా బోగీ అంతా టికెట్ కొనేది.) ఏడు గంటలకు పైగా నిద్రపోయినవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల్లోపు పడుకున్నవాళ్లకు జలుబు పట్టడం నాలుగు రెట్లు ఎక్కువని 2015లో అచ్చేశారు.

ఇదంతా అమ్మకు వివరంగా చెప్పి, ఆదివారం పగలు దుప్పటి ముసుగేశాను. రాత్రి నిద్రకు ఎటూ దారి లేదు. కషాయం పదింటికి, పాలు పదకొండుకి, నాలుగున్నరకు గుడి మైకు.

“పగలు పడుకుంటే కఫం పేరుకుంటుంది. లెయ్యి నాయనా.”

“తిరువళ్లూరు వైద్య వీరరాఘవస్వామి ఏం చేస్తున్నాడమ్మా?” అన్నాను. రోగాలు పోవాలని జనం కోనేట్లో బెల్లం కలిపి, ఉప్పూ మిరియాలూ సమర్పించుకునేది ఆయనకే. ముసలివాడి వేషంలో శాలిహోత్ర మహర్షి దగ్గరికొచ్చి, పెట్టిన పిండంతా తిని, పడుకోవడానికి చోటెక్కడ అని అడిగినాయన. అప్పట్నుంచీ ఆదిశేషుడి మీద పవళించే ఉన్నాడు. “అంతటి వైద్యుడే పడుకుని ఉంటే, నన్ను లెమ్మంటావా?”

అమ్మ చారు గ్లాసు కిందపెట్టి దుప్పటి లాగేసింది.

“ఆ సామికి పడిశం లేదు కదరా. లేచి తాగు.”