మా వీథి వ్యాఖ్యాత

బ్యాటు చేతబట్టి యెరుగనివాడు, బంతి తనవైపు దొర్లివచ్చినచో పంచె యెగగట్టి తప్పుకొనువాడు, అయినను లోకమున జరుగు సమస్త కార్యములను క్రికెట్టు పరిభాషలో తప్ప చెప్పజాలనివాడు ప్రతి వీథియందును ఒక్కడైన ఉండును. మా వీథివారు విశ్రాంత గుమాస్తాగారు. 1983 జూన్ 25 రాత్రి, లార్డ్స్ మైదానమున 183 పరుగులకే ఆలౌటైన కపిల్‌దేవ్ జట్టు వెస్టిండీస్‌ను 140కే కట్టివేయుచుండగా, ట్రాన్సిస్టరును చెవికి హత్తుకొని మేలుకొన్ననాటినుండి ఆయన నాలుకకు మఱియొక భాష పట్టలేదు. 1936లో భారతజట్టును ఇంగ్లండునకు గొనిపోయి, పిదప మైకు ముందు కూర్చున్న విజయనగరపు విజ్జీ (ఆయన నాయకత్వ మెట్టిదో యిచట అడుగవలదు), హైదరాబాదు హర్షా భోగ్లే, ఆపైన తాను: తెలుగుగడ్డ వ్యాఖ్యాతృపరంపర ఇదియేయని ఆయన విశ్వాసము.

పెండ్లిచూపులలో జీతమును గూర్చిన ప్రశ్న ఆయనకు బౌన్సరు. వరుని తండ్రి బదులీయక కాఫీ గ్రుక్కతో దాటవేసినచో, "చక్కగా కీపర్‌కు వదిలేశారు" అని మెచ్చును. మేనల్లుడు పరీక్ష తప్పిన క్లీన్ బౌల్డ్, అత్తెసరు మార్కులతో గట్టెక్కిన ఎడ్జ్ తగిలిన ఫోర్. కుక్క తఱుమగా దూసుకుపోవు పాలవాని సైకిలు రవిశాస్త్రిగారి ట్రేసర్ బుల్లెట్. ఇంతవఱకు వీథి సహించినది. గత మాసమున ఒక పెద్దాయన 98వ యేట కాలము చేయగా, పరామర్శకేగిన మనవారు ఏడ్చుచున్న పెద్దకొడుకు భుజముపై చేయివేసి, "ఏం చేస్తాం నాయనా, రెండే పరుగులు! నెర్వస్ నైంటీస్‌లో పెవిలియన్ చేరుకున్నారు" అని నిట్టూర్చిరి. ఇల్లెల్ల స్తంభించెను. పిమ్మట ఆ కొడుకే కన్నులు తుడుచుకొనుచు, "అయినా మంచి ఇన్నింగ్సే ఆడారు బాబాయిగారూ" అనెను. ఈ తెగులు అంటుకొనునదని నాకు అప్పుడు బోధపడినది.

వ్యాఖ్యాత ఆటలోనికి దిగనక్కఱలేదు. ఆయనకా భాషపై గల మమకారమునకు మూలమిదియే కావచ్చును. పాలు పొంగుచుండ "బంతి గాల్లోకి లేచింది" అనునేగాని స్టవ్వు కట్టడు. మిద్దెపై వడియములు వానకు తడియుచుండ కుర్చీ కదలక, "వర్షం వల్ల ఆటకు అంతరాయం" అని ప్రకటించును. తగవు పుట్టినచో తీర్పును థర్డ్ అంపైరునకు, అనగా మూలను జపము చేసుకొను అత్తగారికి, నివేదించును. 1992లో డర్బనున ఆ యేర్పాటునకు మొట్టమొదట ఔటైనవాడు టెండుల్కర్ కాగా, ఈ యింట ప్రతిమారును ఔటగువాడు తానేయని ఆయన యింతవఱకు గమనింపలేదు.

మొన్న ఆయన యిల్లాలు సంచి ఒడిలో పడవేసి, "డ్రింక్స్ విరామం అయిపోయిందండీ. రేషన్ షాపు మూసేస్తాడు, రన్‌రేటు పెరిగిపోతోంది, లేవండి!" అనెను. ఆయన లేచెను, గుమ్మమున నిలిచి, ఆకసము వంక చూచి, పిచ్ రిపోర్టు మొదలుపెట్టెను.