కండ్లారా చూసినాడంట: ఒక దయ్యం వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

అక్టోబరు నెలాఖరైతే చాలు, వీడియో గేముల కంపెనీలన్నిటికీ ఒకేసారి దయ్యం పూనుతుంది. ఏడాది పొడుగునా గెంతుతూ, కాలుస్తూ, నాణేలు ఏరుకుంటూ గడిపిన పాత్రలు హాలోవీన్ స్పెషల్ అనేసరికి అడవిలో మంటేసుకుని చుట్టూ చేరతాయి. వంతులవారీగా దయ్యం కథలు చెప్పుకుంటాయి. మైన్‌క్రాఫ్ట్‌లోనైతే కంప్యూటర్ క్యాలెండర్ అక్టోబరు 31 చూపించగానే కొన్ని అస్థిపంజరాలు, జాంబీలు తలకు గుమ్మడికాయలు తగిలించుకుని బయల్దేరతాయి. చలి కాచుకోవడానికి అందులో క్యాంప్‌ఫైర్ కూడా ఉంది, 2019లో చేర్చారు.

తిరుపతికి ఈ ముహూర్తం కుదరదు. ఆ వేళకు ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు. తడి కట్టెలకు పొగే తప్ప మంట రాదు. పోనీ కొండెక్కి వేసుకుందామా అంటే, శేషాచలం అడవిలో నిప్పు రాజేయడం నేరం. 2014 మార్చిలో ఆ అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. వేషాలు కట్టడానికైతే ఈ ఊరికి హాలోవీన్ అవసరమే లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే వారం పొడుగునా వీధివీధినా వేషాలే. కాబట్టి చిత్తూరు సీమలో దయ్యం కథ తన వేళలు తానే చూసుకుంది: కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద, పరీక్షల ముందు హాస్టల్ గదిలో, భోగి మంట దగ్గర.

చోటు ఏదైనా ఎత్తుకునే వాక్యం మాత్రం ఒకటే. దాని కర్త ఎవరో తెలియదు, కాలం తేలలేదు. ఇంత ప్రసిద్ధమైన వాక్యానికి ఇంతవరకు ఎవరూ వ్యాఖ్య రాయకపోవడం విచారకరం. వ్యాఖ్యాతల్లో మేటి కోలాచలం మల్లినాథసూరి మెదకు సీమవాడు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసినవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు ఆ నియమం పాటించే వీలు లేదు. ఈ వాక్యంలో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువే మూలంలో లేదు మరి.

మూలం

“మా మామోళ్ల ఫ్రెండు, రాత్రి పన్నెండుకి, ఘాట్‌రోడ్డు మలుపులో, కండ్లారా చూసినాడంట!”

అన్వయం

కర్త ఫ్రెండు. క్రియ చూచుట. కాలం రాత్రి పన్నెండు, స్థలం మలుపు. కర్మ ఎక్కడ? ఫ్రెండు ఏమి చూశాడు? వాక్యమంతా వెతికినా దొరకదు.

సకర్మక క్రియ వాడి కర్మను వదిలేస్తే శ్రోతకు ఆకాంక్ష మిగిలిపోతుందని శాస్త్రం. మామూలు వాక్యంలో అది దోషం, దయ్యం వాక్యానికి అదే ఆయువుపట్టు. “ఏం చూసినాడు మామా?” అని మంట చుట్టూ ఉన్నవాళ్లలో చిన్నోడు అడుగుతాడు. చెప్పేవాడు మంటలోకి ఒక పుల్ల విసిరి ఊరుకుంటాడు. ఆ ఊరుకున్నంతసేపట్లో ఒకడి బుర్రలో తెల్లచీర తయారవుతుంది, ఇంకొకడి బుర్రలో వెనక్కి తిరిగిన పాదాలు. కథకుడికి దమ్మిడీ ఖర్చు లేదు.

గేములు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 2009లో ఇంటర్నెట్‌లో మార్ఫింగ్ ఫోటోలతో పుట్టిన స్లెండర్ మ్యాన్ అనే ముఖంలేని పొడుగాటి మనిషి, 2012లో గేములోకి దిగాడు. చీకటి అడవిలో ఆటగాడు ఎనిమిది కాగితాలు ఏరుకోవాలి. చేతిలో టార్చిలైటు తప్ప ఆయుధం లేదు. ఆ మనిషి వంక తేరిపార చూస్తే తెర గీతలు పడి ఆట ముగుస్తుంది. అంటే కండ్లారా చూసినవాడు తిరిగొచ్చి చెప్పే అవకాశమే లేకుండా కట్టిన ఆట అది.

టీక

మా మామోళ్ల ఫ్రెండు: సాక్షి. ఈ సాక్షిని ఎంచుకోవడంలో కవి నేర్పు గమనించాలి. “మా నాయన” అనలేదు. నాయన పక్క గదిలోనే ఉంటాడు, పిలిచి అడగొచ్చు. “మా మామ” అనలేదు. మామ సంక్రాంతికి వస్తాడు. మామ ఫ్రెండు మాత్రం ఎప్పుడూ కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. పేరున్నవాడే, నమ్మదగినవాడే, అందుబాటులో ఉండడు, అంతే. ఈ మనిషి ఒక్క చిత్తూరుకే చుట్టం కాడు. రాడ్నీ డేల్ అనే ఇంగ్లీషు రచయిత 1978లోనే ఇతన్ని గుర్తుపట్టి, స్నేహితుడి స్నేహితుడన్న బిరుదిచ్చాడు. అమెరికన్ జానపద పరిశోధకుడు జాన్ హెరాల్డ్ బ్రున్‌వండ్ 1981లో ఇలాంటి కథలు పోగేసి పుస్తకం వేశాడు. కారులో లిఫ్ట్ అడిగి ఎక్కి, దారిలో మాయమయ్యే అమ్మాయి కథే ఆ పుస్తకానికి పేరు. ఘాట్‌రోడ్డులో తెల్లచీర కట్టుకుని చెయ్యెత్తే ఆవిడకూ ఆ అమ్మాయికీ చుట్టరికం ఉన్నట్టే.

రాత్రి పన్నెండుకి: ఇక్కడొక చిక్కుంది. మామూలు రోజుల్లో తిరుమల ఘాట్‌రోడ్లను అర్ధరాత్రి 12కు మూసి తెల్లవారుజామున 3కు తెరుస్తారు. మరి ఫ్రెండు పన్నెండింటికి మలుపులోకి ఎలా వచ్చాడు? సమాధానం: అలిపిరి గేటు దాటింది పదకొండుంపావుకు, టీ తాగడానికి ఆగినందువల్ల ఆలస్యమైంది. పోనీ బైకు మీద వచ్చాడందామా? 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వన్యప్రాణులు పిల్లల్ని పెట్టే కాలమని రాత్రి 9 తర్వాత టూవీలర్లనే ఎక్కనివ్వలేదు. కాబట్టి కథ ఆ రెండు నెలల్లో జరిగినదైతే ఫ్రెండుకు కారు ఉండి తీరాలి. ఇలా ఒక్క కాలవాచకం వల్ల సాక్షి ఆర్థిక స్థితి కూడా తేటపడుతోంది.

ఘాట్‌రోడ్డు మలుపులో: మొదటి ఘాట్‌రోడ్డు 1944లో తెరిచారు. రెండోది 1970లలో వచ్చింది. ఇప్పుడు ఎక్కేది కొత్తదారిలో, దిగేది పాతదారిలో. దయ్యాలకు తిన్నని రోడ్డు పనికిరాదు. మలుపు తిరిగేటప్పుడు హెడ్‌లైటు వెలుగు రోడ్డు వదిలి అడవి మీదుగా ఒకసారి ఊడ్చుకుపోతుంది. ఆ లిప్తపాటులో కొమ్మల మధ్య రెండు గుండ్రటి కళ్లు ఎర్రగా మెరిశాయంటే, అది ఈ అడవిలో ఉండే దేవాంగపిల్లి కావచ్చు. పిడికెడు ప్రాణి, రాత్రంతా పురుగులు ఏరుకు తింటూ మెల్లగా పాకుతుంది. బండరాళ్ల సందులోంచి ఎవరో పిలిచినట్టు అరుపు వినిపించిందంటే, అది బంగారు బల్లి కావచ్చు. బల్లి ఇంత గొంతు చేస్తుందని ఎవరు అనుకుంటారు? నడకదారి వైపు వస్తే మోకాళ్లమెట్టు దగ్గర అవ్వాచారి కోన లోతు చూస్తే చాలు, కథ దానంతటదే పుడుతుంది.

కండ్లారా: కళ్లు నిండుగా, తనివితీరా. ఈ మాట వినగానే చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వే ముందు పక్క జిల్లా సంగతి ఒకటి వినాలి. కలివికోడి అనే పక్షిని శాస్త్రవేత్తలు 1848లో లోకానికి పరిచయం చేశారు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని తీర్మానించేశారు. రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ పక్షి కడప జిల్లా సిద్ధవటం దగ్గరి ముళ్లపొదల్లో ఉందని ఊరివాళ్లు మాత్రం ఎరుగుదురు. 1986 జనవరిలో స్థానిక వేటగాడొకడు టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల దయ్యం ఒక్క రాత్రిలో పక్షి అయింది. దాని కోసం లంకమల్ల అభయారణ్యం వచ్చింది. కనుక ‘కండ్లారా’ అన్న ప్రతివాణ్ణీ అబద్ధాలకోరుగా తీసిపారేయడం శాస్త్రసమ్మతం కాదు.

చూసినాడంట: చివరి అక్షరాలే వాక్యానికి తాళం. చెప్పేవాడు చూడలేదు, చూశానని అనలేదు, చూశాడని పూచీ కూడా పడలేదు. రేపు ఎవరైనా నిలదీస్తే ‘అంట’ వెనక దాక్కోవచ్చు.

‘అంట’ తగలని భయం కూడా ఈ కొండ మీద ఒకటి ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటితే ఆ దారిన పంపడం ఆపేశారు. భక్తుల్ని గుంపులుగా నడిపించారు, చేతికి కర్రలిచ్చారు. ఆ సంగతి ఎవరూ మంట దగ్గర కథగా చెప్పరు. చెప్పవలసి వస్తే తేదీతో, చోటుతో, గొంతు తగ్గించి చెబుతారు.

శంక, సమాధానం

శంక: ఏడుకొండలవాడి కొండ మీద దయ్యమేంది? నామం వినబడితే పారిపోవాలి కదా?

సమాధానం: ఈ శంక అవ్వలందరూ వేసేదే. మూలాన్ని జాగ్రత్తగా చదివితే జవాబు అందులోనే ఉంది. కవి ‘కొండ మీద’ అనలేదు, ‘మలుపులో’ అన్నాడు. ఎంత ధైర్యంగల కథకుడైనా దయ్యాన్ని మాడవీధుల దాకా తీసుకురాడు. దాని హద్దు రోడ్డే. క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి నిలబడే ఓపిక దయ్యాలకు లేదని కొందరు వ్యాఖ్యానిస్తారు గానీ, అది క్లిష్టకల్పన.

విశేషాలు

మంట దగ్గర కథ చెప్పిన ఆద్యుడు గుణాఢ్యుడు. శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని కథాసరిత్సాగరం చెబుతుంది. రాజుకు సంస్కృతం నేర్పే పందెంలో ఓడి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాషా మూడూ వదులుకున్నాడు. మిగిలింది పైశాచి, అంటే పిశాచాల భాష. కాణభూతి అనే పిశాచం చెప్పిన బృహత్కథను సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. రాజు దాన్ని ఈసడించాడు. గుణాఢ్యుడు కొండెక్కి గుండం రాజేసి, ఒక్కో ఆకు చదివి మంటలో వేశాడు. అడవి జంతువులు మేత మాని కన్నీళ్లతో విన్నాయి. వాటి మాంసం ఎండిపోయి రాజుగారికి జబ్బు చేసింది. వంటవాళ్లను అడిగితే వేటగాళ్ల మీదికి, వేటగాళ్లను అడిగితే కొండ మీది మనిషి మీదికి తేలింది. పరుగున వచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలు. పిశాచం చెప్పగా, పిశాచ భాషలో, అడవిలో, మంట పక్కన: హాలోవీన్ స్పెషల్‌కు కావలసిన సరంజామాలో గుమ్మడికాయ ఒక్కటే తక్కువ.

ఆ బృహత్కథ పేరు చెప్పుకునే కథాసరిత్సాగరాన్ని సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో రాశాడు. బేతాళుడి పాతిక కథలు అందులో ఉన్నాయి. పాతికతో మనవాళ్ల ఆకలి తీరలేదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ అదే చట్రంలో కొత్త కథలు బిగించి, దశాబ్దాలపాటు నెలనెలా బేతాళుణ్ణి చెట్టెక్కించింది. భుజాన శవం, చేత కత్తితో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ చూసి పెరిగిన తరాలు ఎన్నో. నియమం చూడండి: జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. గెలిచిన ప్రతిసారీ మొదటికొచ్చే ఆట ఇది. దీనికి కంప్యూటర్ అవసరం పడలేదు, అంతే.

ఇంకా వింతైనది ‘ఓ స్త్రీ రేపు రా’. కొన్ని దశాబ్దాల కిందట తెలుగు పల్లెల్లో తలుపుల మీద సున్నంతోనో బొగ్గుతోనో ఈ నాలుగు మాటలు రాసేవారు. 1990లలో కర్ణాటకలో ‘నాళె బా’ అంటూ ఇదే నడిచింది. 2018లో హిందీ వాళ్లు దీన్ని సినిమాగా తీశారు. రాత్రి తలుపు తట్టే దయ్యం ఈ రాత చదివి, సరే రేపొద్దామని వెళ్లిపోతుంది; రేపు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. ఈ దయ్యానికి అక్షరాలు వచ్చు, ఇచ్చిన మాట మీద గౌరవం ఉంది, నిన్నటి సంగతి మాత్రం గుర్తుండదు. ప్రోగ్రామర్లు తలపట్టుకునే అంతులేని లూపును పల్లెవాళ్లు బొగ్గుముక్కతో రాసేశారు.

మైన్‌క్రాఫ్ట్‌కూ సొంత దయ్యం ఉంది: తెల్లకళ్ల హీరోబ్రైన్. ఒంటరిగా ఆడుకునేవాడికి దూరాన పొగమంచులో కనబడి మాయమవుతాడని 2010లో పుకారు పుట్టింది. గేములో అలాంటివాడు లేనే లేడని తయారుచేసినవాళ్లే చెప్పారు. అంతటితో ఊరుకున్నారా? 2011 నుంచి కొత్త వెర్షన్ల మార్పుల జాబితాల్లో ‘హీరోబ్రైన్‌ను తీసేశాం’ అని పదేపదే రాస్తూ వచ్చారు. లేనివాణ్ణి ఎన్నిసార్లు తీసేస్తారు? పిల్లలకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! “కంపెనీవాళ్లే తీసేసినారంట, అంటే ముందు ఉండినట్టే గదా” అన్న తర్కానికి ఏ నైయాయికుడూ ఎదురు చెప్పలేడు.

తాత్పర్యం

ఒకానొక పరిచయస్థుడి పరిచయస్థుడు, గేటు మూసే వేళకు, వెలుగు సరిగా పడని చోట, ఫలానా అని చెప్పని దానిని తృప్తిగా చూశాడని, చెప్పేవాడు పూచీ పడకుండా చెబుతున్నాడు.

పాఠాంతరాలు

హాస్టల్ ప్రతిలో ‘మామోళ్ల ఫ్రెండు’ చోట ‘సీనియర్ల సీనియరు’ అని, ‘ఘాట్‌రోడ్డు మలుపు’ చోట ‘తాళమేసిన రూము’ అని ఉంది. అర్థభేదం లేదు కనుక గ్రాహ్యం.

వాట్సాప్ ప్రతిలో కర్త పూర్తిగా లోపించింది. ఆ స్థానంలో రెండు బాణాల గుర్తు, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందన్న ముద్ర కనిపిస్తాయి. మామకూ ఫ్రెండుకూ మధ్య ఎన్ని చేతులు మారిందో పాతప్రతులు చెప్పవు, ఈ ప్రతి కొంతవరకు చెబుతుంది. 2020 నుంచి ఆ ముద్ర పడిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపే వీలుండటంతో దయ్యం వేగం కాస్త తగ్గింది.

‘నేనే చూసినా’ అన్న పాఠం కొన్ని అర్వాచీన ప్రతుల్లో ఉంది. దీన్ని సంప్రదాయజ్ఞులు ఒప్పుకోరు. ఆ పాఠం తీసుకుంటే కథ రెండో వాక్యానికి వెళ్లదు. వెనక మంచం మీంచి అవ్వ లేస్తుంది. “ఎప్పుడ్రా చూసింది? మొన్న శుక్రారమా? ఆ పొద్దు నువ్వు జొరమొచ్చి నా పక్కన్నే పండుకోనుంటివి గదరా!”