బీఏ నీళ్ల పంపకం

ఓపెన్ డిగ్రీ కృష్ణా బేసిన్‌లో పుట్టిన జీవనది. 1982లో నాగార్జునసాగర్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో పుట్టి, తర్వాత హైదరాబాదుకు చేరి, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దేశంలో ఈ జాతి నదుల్లో ఇదే మొదటిది. సాగర్ నుంచి హైదరాబాదుకు, అంటే పల్లం నుంచి మెరకకు పారడం దీని విశేషం. దీనికి గట్లు కూడా లేవు. 18 ఏళ్లు నిండి, అర్హత పరీక్ష గట్టెక్కితే బడి మొహం చూడనివాళ్లు సైతం దిగే వీలుండేది. గట్టు లేని నది ఇంజనీర్లకు నచ్చదు. అందుకే గేట్లు దించారు.

విభజన చట్టం పదో షెడ్యూల్లో ఉన్న ఈ జలవనరుకు పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది కనుక, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇక ప్రవేశాలు లేవన్నారు. దిగువకు నీళ్లు బందు.

ఇందులో సాంకేతిక చిక్కు ఒకటుంది. హైదరాబాదు నుంచి బాపట్ల జిల్లా పర్చూరు సుమారు 300 కిలోమీటర్లు. ఆన్‌లైన్ పాఠం ఈ దూరాన్ని బస్సెక్కకుండానే దాటుతుంది. దాన్ని రాష్ట్ర సరిహద్దులోని వాడపల్లి వంతెన దగ్గర ఆపి, దించి, ఆధార్ చూసి వెనక్కి పంపే యంత్రం ఇంకా తయారు కాలేదు. అంతవరకు పాత పద్ధతే గతి. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలను 512, 299గా వాడుకుంటున్నట్టే, బీఏ పుస్తకాలన్నీ కలిపి 811 పేజీలనుకుంటే 512 పేజీలు దిగువకు, 299 ఎగువకు. కాకతీయులు ఎగువ వాటా, రెడ్డిరాజులు దిగువ వాటా. నన్నయతో పేచీ లేదు, రాజమండ్రి మనిషి. పోతనది బమ్మెరో ఒంటిమిట్టో తేలేదాకా ఆ పాఠం కృష్ణా బోర్డు అధీనంలో ఉంటుంది, పరీక్షలో ప్రశ్న రాదు. సెమిస్టరుకు 26 పాఠాలుంటే పదమూడో పాఠం చివర ముళ్లకంచె. 2023 నవంబరు ఆఖరున సాగర్ డ్యామ్ మీద 26 గేట్లకు మధ్యన వేసిన కంచె నమూనాగా పనికొస్తుంది.

ఊటనీటిని మాత్రం ఎవరూ ఆపలేరు. ఈ యూనివర్సిటీ పాఠాలు రేడియోలో వచ్చాయి, టీవీలో వచ్చాయి, ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. పర్చూరులో కూర్చుని ఎన్నయినా వినొచ్చు. వినడం నేరం కాదు. విన్నందుకు హాల్ టికెట్ అడగడమే అక్రమ తూము.

ఇక ఆయకట్టు సంగతి. పర్చూరు ఊరు కదలకుండానే గుంటూరు, ప్రకాశం, బాపట్ల అంటూ మూడు జిల్లాలు చూసింది. హద్దులు మారడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఇంటర్‌తో చదువాగి, పెళ్లయి, పిల్లల్ని పెద్దచేసి, నలభైకి దగ్గరపడ్డాక డిగ్రీ మీద ఆశ పడే మనిషి ఈ ఆయకట్టులో చివరి ఎకరం. పగలంతా మిరపకాయల తొడాలు తీస్తుంది. సాయంత్రం ఎన్నిసార్లు సబ్బేసి కడిగినా వేళ్ల మంట పోదు, కళ్లు నులుముకోవడానికి లేదు. ఫోను గోడకు ఆనించి, కొంగు అంచుతో తెర మీద నొక్కి పాఠం పెట్టుకుంటుంది. ఈ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే చెప్పింది. చేరాలంటే తన దూరవిద్య బ్యూరో ఇచ్చే డెబ్ ఐడీ తప్పనిసరని 2024లో చెప్పింది. నీటితీరువా ముందు, నీళ్లు తర్వాత.

వేరే వనరులు లేవా అంటే ఉన్నాయి. ఇగ్నో అనే కేంద్ర కాలువలో ఎక్కువగా పారేది ఇంగ్లీషు, హిందీ. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య అనే ఊరబావీ ఉంది. బావి ఉంది కదా అని ఏరు ఎండగట్టడం ఏ ఇరిగేషన్ మాన్యువల్‌లోనూ కనిపించదు.

ఈ యూనివర్సిటీ పుట్టిననాటి ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్‌ది గుంటూరు జిల్లా. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డిది కరీంనగర్ జిల్లా. వాళ్లకు వాడపల్లి దగ్గర ఏ గేటూ కనపడలేదు. తర్వాతి వాళ్లకు గేటు తప్ప ఏదీ కనపడలేదు. పదేళ్లలో రాజధానికి మూడు ఊళ్ల పేర్లు వెతికిన ఆంధ్రప్రదేశ్ పాలకులకు సొంతంగా ఒక్క ఓపెన్ యూనివర్సిటీ పెట్టడానికి తీరిక దొరకలేదు. గడువు ఎప్పుడు తీరుతుందో 2014లోనే తెలుసు. తెలిసీ చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకానితనం కూడా కాదు, లెక్కలేనితనం. చివరి ఎకరం ఓటేస్తుంది తప్ప నిలదీయదన్న ధీమా.

అటు తెలంగాణ వైపు సిగ్గు ఇంకా పెద్దది. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగినవాడు అంబేద్కర్. ఆ నీళ్లు అందరివీ అని చెప్పడానికే తాగాడు. ఆయన పేరు బోర్డు మీద రాసుకున్న చదువుల చెరువు గట్టు మీద నిలబడి, నీది ఏ ఊరని అడిగి దోసిలి వెనక్కి నెట్టింది. ఈ చదువు ఖర్చులో ఎవరు ఎంత కట్టాలన్నది రెండు రాష్ట్రాల అధికారులు ఒక పూట కూర్చుంటే తేలే పద్దు. అది తేలనందుకు ఏ అధికారి జీతమూ ఆగలేదు, ఏ మంత్రి పిల్లల చదువూ ఆగలేదు. ఒక ఏడాది పోయింది తొడాలు తీసే మనిషికి. ఆ వయసులో ఇంకో ఏడాది ఆగమని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.