నేను ఎద్దు పల్లును

ఎద్దు కింది దవడకు ముందర, సరిగ్గా నడుమ ఉండే జంట పండ్లలో నేనొకదాన్ని. మాది సంగారెడ్డి జిల్లా రాయికోడ్. పుస్తకాల్లో నన్ను పన్ను అంటారు, పండితులు దంతం అంటారు. మా రైతు ఇంట్లో మాత్రం పల్లునే. నలుగురం కలిస్తే పండ్లం. జామపండ్లకూ మాకూ అదే మాటైనా ఇక్కడ ఎవరూ ఎన్నడూ పొరబడలేదు. పంచాయతీకి కట్టేదే వీళ్ళకు పన్ను, నోట్లో ఉండేది పల్లు. నాకైతే ఈ పేరే ఇష్టం. బీదర్ దిక్కు నుంచి వచ్చే కన్నడ బేరగాళ్ళు నన్ను 'హల్లు' అంటారు. వాళ్ళ భాషలో పాత 'ప'కారం 'హ'కారమైంది గానీ మాట ఒక్కటే.

నేను చిగురు లోపల ఉండగానే 2015 కరువు వచ్చింది. మేత లేక చుట్టుపక్కల చాలామంది గొడ్లను సంతకు తోలారు. మా రైతు మా కోడెను అమ్మలేదు. ఎక్కడెక్కడి నుంచో జొన్న చొప్ప మోసుకొచ్చి, పంటి బిగువున ఆ ఏడు గట్టెక్కాడు. మరుసటి ఏడు నా పైనున్న పాలపల్లు ఊడింది, నేను బయటికొచ్చాను. 'రెండు పండ్లు ఏసింది' అని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. రాయికోడ్ మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లాలోకి మారింది కూడా ఆ 2016లోనే.

పశువుకు పుట్టిన తేదీ రాసిపెట్టే కాగితం ఉండదు. ఆ పని మాది. రెండు పండ్లు వేస్తే రెండు, రెండున్నరేళ్ళు. ఆ తరువాత ఏడాదికో జత చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది. మేత, జాతి, ఆరోగ్యాన్ని బట్టి నెలలు అటూ ఇటూ అవుతాయి గానీ వరస తప్పదు. సుమారు ఐదేళ్ళకు ఎనిమిదీ నిండుతాయి. అక్కడి నుంచి లెక్క కాదు, అరుగుదల చూడాలి. పై దవడకు ముందర పండ్లే ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. నాలుక గడ్డిని చుట్టి లోపలికి లాగితే, మేము కింద నుంచి ఆ చిగురుకు అదిమిపట్టి తెంపుతాం. నెమరేసి నమిలే పని వెనకనున్న దవడ పండ్లది, అవి ఇరవై నాలుగు. అన్నీ కలిపితే ముప్పై రెండు. మనిషికీ అంతే.

నాలుగు పండ్ల మీదున్నప్పుడు సదాశివపేట సంతకు పోయాం. ఇంట్లో పెళ్ళి ఖర్చు వచ్చిపడి మా రైతు అమ్మకానికి పెట్టాడు. ఆ పొద్దు నాకు బాగా గుర్తు. బేరగాడు ముక్కుతాడు పట్టి తల పైకెత్తాడు. ముందరి పండ్లకూ దవడ పండ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడి నుంచి చెయ్యి పెట్టి నాలుకను పక్కకు గుంజాడు. వేళ్ళకు బీడీ వాసన. గోరుతో నన్ను ఒకసారి గీకి చూశాడు. "చార్ దాంత్" అని వెనకనున్నవాడితో అన్నాడు. మా రైతు మాత్రం, "నా మాట ఎందుకు తమ్మీ, నోరు తెరిచి నువ్వే చూసుకో" అన్నాడు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడారు. ధర కుదరలేదు, తిరిగి ఇంటికే వచ్చాం. అబద్ధమాడని సాక్షిగా నిలబడ్డానని ఆ రోజు నాకు గర్వమనిపించింది.

మా ఎద్దు లాగిన వాటిలోనూ నా పేరే ఉంది. మూడు పండ్ల గొర్రు కట్టి, జడ్డిగంలో జొన్నలు వదిలితే గొట్టాల వెంట జారి సాళ్ళలో పడేవి. దంతె కట్టినప్పుడు దాని ఇనుప పండ్లు కలుపు వేళ్ళను పెకలించేవి. దువ్వెనకూ రంపానికీ పండ్లే. ఏనుగు దంతం కూడా పెరిగి పెరిగి నోరు దాటిన ముందరి పల్లే, పాము కోరా పల్లే. ఇప్పుడు దున్నే ట్రాక్టరు గేరు చక్రానికీ పండ్లే, అవి అరిగితే మెకానిక్కు మార్చేస్తాడు. నేను అరిగితే మారేది లేదు.

అరిగాను కూడా. వయసులో పారలా వెడల్పుగా ఉన్న నేను ఇప్పుడు పసుపుపచ్చ మొద్దును. పక్కవాటితో ఎడం వచ్చింది. పండ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పండ్లు లేవంటారు. ఈ నల్లరేగడిలో యాసంగికి శనగ బాగా పండుతుంది, అందుకే ఆ సామెత నాకు ఇంకా గట్టిగా తగులుతుంది. మా రైతు భార్య మాత్రం ఉలవలు మెత్తగా ఉడికించి, చొప్పను సన్నగా నరికి పెడుతుంది.

మా ఎద్దు చెవికి ఇప్పుడు పన్నెండంకెల పసుపు బిళ్ళ ఉంది. టీకాలకూ బీమాకూ అది అవసరమే, దాన్ని నేను కాదనను. కానీ మరోసారి సంతకు పోయినప్పుడు ఒక కుర్రవాడు బిళ్ళ మీది నంబరు ఫోన్లో కొట్టి చూశాడే తప్ప నోరు తెరవలేదు. ఏం తింటున్నదో, ఎంత అరిగిందో, ఇంకెన్నేళ్ళు పని చేయగలదో నంబరు చెప్పదు, మేము చెబుతాం. మీ ఇంట ముసలి ఎద్దుంటే మేత నరికి పెట్టండి, గింజలు నానబెట్టి పెట్టండి. పండ్లు చూసి వయసు చెప్పే పెద్దలు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. పిల్లల్ని కొట్టం దాకా తీసుకుపోయి, వాళ్ళ చేత ఆ విద్య నేర్పించండి.