డిక్లరేషన్ ఇచ్చాం, ఇక నిద్రపోండి

ఎన్నికలు వస్తున్నాయని తెలుసుకోవడానికి తెలుగునాట పంచాంగం తిరగెయ్యక్కర్లేదు. ఏదో ఒక ఊరు డిక్లరేషన్ అయిపోతే చాలు. 2019లో ఏలూరు అయింది, 2022లో వరంగల్ అయింది, మరుసటి ఏడు చేవెళ్ల, కామారెడ్డి అయ్యాయి. పాపం, ఆ ఊళ్లు చేసిన నేరమేమీ లేదు, అక్కడ సభ పెట్టి హామీల చిట్టా చదివారంతే.

మేనిఫెస్టో ఉండగా ఇదెందుకంటారా? మేనిఫెస్టోతో ఓ పేచీ ఉంది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, హామీకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పమని ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో రాసుకుంది. డిక్లరేషన్‌కు ఆ పీడ లేదు. వరంగల్లో చేసినట్టు ఏడాదిన్నర ముందే చదివేస్తే, అప్పటికి నియమావళి ఇంకా నిద్రే లేవదు.

ఆ వరంగల్లోనే కాంగ్రెస్ వాళ్లు రైతుకూ కౌలురైతుకూ ఎకరాకు ఏటా 15,000 రూపాయలన్నారు. గద్దెనెక్కాక అది 12,000 అయింది, కౌలురైతు లెక్కలోంచే జారిపోయాడు. రుణమాఫీ చేశారు, కాదనను. కామారెడ్డి కథ ఇంకా రసవత్తరం. స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం అన్నారు. మొత్తం రిజర్వేషన్లు సగం దాటకూడదని సుప్రీంకోర్టు అప్పటికి పదమూడేళ్ల కిందటే చెప్పింది. రాసినవాళ్లకు తెలియదా? భేషుగ్గా తెలుసు. బిల్లు పెట్టారు, జీవో ఇచ్చారు, 2025 అక్టోబరులో హైకోర్టు ఆపింది, డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత పరిమితిలోనే జరిగిపోయాయి. తప్పు కోర్టుది, కేంద్రానిది, పక్క పార్టీది. డిక్లరేషన్ మాత్రం కడిగిన ముత్యం.

ఒక్క పార్టీనే అనడం అన్యాయం. ఏలూరులో వైసీపీ బీసీలకు అయిదేళ్లలో 75,000 కోట్లంటే, 2024లో తెలుగుదేశం, జనసేన కలిసి లక్షన్నర కోట్లన్నాయి. వేలంపాటలో కూడా పాట అంతలా ఎగరదు. బీజేపీది మరీ విడ్డూరం: 2018 ఫిబ్రవరిలో కర్నూలులో రాయలసీమకు రెండో రాజధాని కావాలని డిక్లరేషన్ ఇచ్చింది. అప్పటికి కేంద్రంలో అధికారం దానిదే, రాష్ట్ర మంత్రివర్గంలోనూ దాని మంత్రులున్నారు. తనను తానే నిలదీసుకుందన్నమాట!

మనబోటివాళ్ల డిక్లరేషన్ సంగతి వేరు. శంషాబాద్‌లో విమానం దిగి డిక్లరేషన్ ఇవ్వకుండా బంగారం దాస్తే కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటారు. అభ్యర్థి కూడా నామినేషన్ అఫిడవిట్‌లో ఆస్తి దాస్తే ఆరు నెలల దాకా జైలుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే మైకు పట్టుకుని లక్షల కోట్లు ప్రకటిస్తే మాత్రం పూలదండ.

అందుచేత ఓటరు మహాశయులారా, ఈసారి మీ ఊరికి డిక్లరేషన్ వస్తే చప్పట్లు కొట్టకండి. వందరూపాయల స్టాంపు కాగితం పట్టుకెళ్లండి. ‘పై వివరాలు తప్పని తేలితే చట్టరీత్యా చర్యకు బాధ్యుణ్ణి’ అని మన దరఖాస్తుల కింద రాయించుకునే వాక్యం అందులో రాసి, వేదిక మీదున్న ప్రతి ఒక్కరిచేతా సంతకం పెట్టించండి.